పాత సీ10 పికప్‌ను తక్కువ ఖర్చులో కిందికి దించడం: ముందు 4, వెనక 6 అంగుళాలు వెయ్యి డాలర్లలో అవుతుందా?

ఫ్రిస్కో_రవి:
అందరికీ నమస్తే. 1979 షెవర్లే సీ10 కొన్నాను. స్క్వేర్ బాడీ (1973-87 నాటి చదరపు ఆకారం), లాంగ్ బెడ్ (వెనక సామాను తొట్టి పొడవుగా ఉండే రకం), 350 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, టూ వీల్ డ్రైవ్. ఓక్లహోమాలో ఒక రైతు దగ్గర దొరికింది, ఛాసిస్ గట్టిగా ఉంది, తుప్పు పైపైనే. ఫ్యాక్టరీ ఎత్తులోనే ఉంది, అంటే వెనక బాగా లేచి ముందు వంగినట్టు ఉంటుంది. నాకు ముందు 4 అంగుళాలు, వెనక 6 దించి బండి నేలకు సమంగా కనపడాలి. బడ్జెట్ వెయ్యి డాలర్లు. పని నా గ్యారేజీలో నేనే చేసుకుంటాను, కానీ వెల్డింగ్ మెషీన్ లేదు, స్ప్రింగుల బదులు గాలి నింపి వాడే ఎయిర్ బ్యాగులు కూడా వద్దు. ఇక్కడ ఒక షాపులో అడిగితే స్ప్రింగులు వేడి చేసి దించేస్తాం, గంటలో పని, నూట యాభై ఇవ్వు అన్నారు. చేయించొచ్చా? ఇంకో మాట, ఉగాదికి, దసరాకి మా అసోసియేషన్ సౌండ్ బాక్సులు, కుర్చీలు ఈ బండిలోనే వేస్తాను, కాబట్టి బరువు కొంత మోయాలి.

కమాన్ల_మేస్త్రి_కొడుకు:
రవి గారూ, ఆ షాపు వైపు మళ్లీ వెళ్లకండి. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీల కమాన్లు (పట్టీ స్ప్రింగులు) కట్టేవారు, నేను ఆ కొలిమి పక్కనే పెరిగాను. స్ప్రింగు ఇనుముకి బలం వచ్చేది మొదట ఎర్రగా కాల్చి నూనెలో ముంచినప్పుడు, తర్వాత మళ్లీ తక్కువ వేడిలో పెట్టి టెంపర్ చేసినప్పుడు. ఆ రెండో వేడి కొలత ప్రకారం ఉంటుంది. బండి మీదే టార్చ్ పెట్టి ఒక చుట్టు ఎర్రబడేదాకా కాలిస్తే అక్కడ ఆ టెంపర్ పోతుంది, ఆ చుట్టు మెత్తబడి కూలుతుంది, దాని పక్కన ఉన్న చుట్టేమో గట్టిగానే ఉంటుంది. ఎడమ వైపు ఎంత కూలిందో కుడి వైపు అంతే కూలదు. ఈ రోజు 3 అంగుళాలు దిగిందనుకున్నది ఆరు నెలలకి 5 అవుతుంది, ఏదో ఒక గుంటలో ఆ మెత్తటి చోటే విరుగుతుంది. లారీ కమాన్ పట్టీ కూడా సాగితే దాన్ని విప్పి, కొలిమిలో మొత్తం కాల్చి, వంపు ఎక్కించి, మళ్లీ నూనెలో వేస్తారు గానీ ఒక్క చోట కాల్చి వదిలెయ్యరు.

పాత_ఇనుము:
వేడి చేయడం తప్పు, ఒప్పుకుంటాను. కానీ గ్రైండర్‌తో కోయడం తప్పు కాదు. కటింగ్ డిస్క్‌తో నెమ్మదిగా, మధ్యమధ్య తడిగుడ్డతో చల్లార్చుకుంటూ కోస్తే టెంపర్ ఏమీ పోదు. ముందు స్ప్రింగులో సగం చుట్టు తీయండి, బిగించి చూడండి, చాలకపోతే ఇంకో పావు. ఖర్చు ఒక డిస్క్. నేను నా బండికి అలాగే చేశాను, టెక్సాస్ ఎండల్లో ఏళ్ల తరబడి తిరుగుతోంది. మూడొందలు పోసి డ్రాప్ స్పిండిల్ కొనమని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, తక్కువ ఖర్చు అని అడిగినవాడికి ఆ సలహా ఎందుకు?

సీ10_సుధ:
పాత_ఇనుము గారూ, అంగుళమో అంగుళంన్నరో అయితే మీ మాట నిజం. కానీ రవి గారు 4 అడుగుతున్నారు. ఆ నాలుగూ కోతతోనే తెస్తే మూడు జరుగుతాయి. చుట్లు తగ్గేకొద్దీ మిగిలిన స్ప్రింగు గట్టిపడుతుంది, అది కొంతవరకూ మంచిదే. కానీ కింది ఆర్మ్ (చక్రాన్ని ఛాసిస్ కి కలిపే కింది చెయ్యి) బంప్ స్టాప్ రబ్బరుకి దాదాపు ఆనుకుని నిలబడుతుంది, అంటే ప్రతి చిన్న గతుకులోనూ ఇనుము రబ్బరు మీద కొడుతుంది, ఆ దెబ్బ మన నడుముకే. మూడోది టైర్లు. ఆర్మ్‌లు ఫ్యాక్టరీ అనుకున్న కోణం దాటి పైకి వెళ్లిపోతే చక్రం పై భాగం లోపలికి వంగుతుంది, టైరు లోపలి అంచు కొద్ది నెలల్లో తీగలు బయటపడేదాకా అరుగుతుంది. రెండు టైర్లు కొన్నాక మిగిల్చిన డబ్బు ఎక్కడుంది?

డ్రాప్ స్పిండిల్‌లో అసలు కిటుకు ఏమిటంటే స్ప్రింగుని గానీ ఆర్మ్‌ని గానీ ముట్టుకోదు. చక్రం తిరిగే ఇరుసు ముక్కని రెండున్నర అంగుళాలు పైకి జరిపి పోత పోస్తారు. చక్రం పైకి వెళ్తే బండి కిందికి వస్తుంది. ఆర్మ్‌లు పాత కోణంలోనే, స్ప్రింగు పాత ఎత్తులోనే, ప్రయాణం పాతలాగే మెత్తగా. రెండున్నర అలా తెచ్చుకుని మిగతా అంగుళంన్నరకి పొట్టి స్ప్రింగు వేసుకోండి, లేదా పాత_ఇనుము గారు చెప్పినట్టు పాతదాన్నే కోసుకోండి. నా లెక్కలో తక్కువ ఖర్చులో సరైన దారి ఇదే, డబ్బు పెట్టాల్సిన ఒక్క చోటూ స్పిండిలే.

పాత_ఇనుము:
సుధ గారూ, స్పిండిల్ ప్లస్ కోత అయితే నాకు అభ్యంతరం లేదు. రవీ, కోస్తే ఒకటి గుర్తుపెట్టుకో, కింది ఆర్మ్ గుంటలో స్ప్రింగు కొస కూర్చునే చోటు ఒకటి ఉంటుంది, కోసిన కొస సరిగ్గా అక్కడికే రావాలి. రెండు వైపులా ఒకే కొలత కోయాలి, చుట్టు మీద చాక్‌పీసుతో గీత పెట్టుకుని.

ఫ్రిస్కో_రవి:
చాలా థ్యాంక్స్ అందరికీ. వేడి సంగతి మర్చిపోయాను. స్పిండిల్స్ కోసం చూస్తే రోటర్ (బ్రేక్ డిస్క్) మందం 1 అంగుళం, 1.25 అంగుళాలు అని రెండు రకాలు చూపిస్తున్నారు. నాది ఏదో ఎలా తెలుస్తుంది?

సీ10_సుధ:
చక్రం విప్పి వెర్నియర్‌తో రోటర్ మందం కొలవండి, ఇంకేదీ నమ్మొద్దు. 1973 నుంచి 1987 వరకు సీ10లలో రెండూ వచ్చాయి, మామూలు హాఫ్ టన్ను (అర టన్ను తరగతి) బండికి పలచనిది, బరువు ఎక్కువ మోసే రకానికి మందంది. నలభై ఏళ్లలో ఎవరో ఒకరు మార్చి ఉండొచ్చు కూడా, అందుకే బండి కాగితాలు చూసి ఆర్డర్ పెట్టకూడదు. బెల్‌టెక్, మెక్‌గాగీస్, సీపీపీ, డీజేఎమ్ అందరూ ఈ బండికి స్పిండిల్స్ చేస్తారు. మీరు వేసుకోబోయే చక్రం లోపలి ఖాళీ సరిపోతుందా అని కూడా ముందే అడగండి.

ఇంకో మాట. స్పిండిల్ విప్పుతున్నప్పుడే బాల్ జాయింట్లు (స్పిండిల్ ని ఆర్మ్ లకి కలిపే గుండు కీళ్లు), టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్ కడ్డీ కొసల కీళ్లు) చూసుకోండి. 1979 నాటివైతే ఇప్పుడే మార్చెయ్యండి, మళ్లీ అంతా విప్పడం, మళ్లీ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సర్దడం) అంటే డబ్బు రెండుసార్లు.

గ్యారేజ్_శ్రీను:
నాకు ఈ ముందు స్ప్రింగు విప్పడమంటేనే టెన్షన్. జాకీ జారితే స్ప్రింగు ఎగిరి వస్తుందంటారు కదా. ఎవరైనా వివరంగా చెప్పండి, నేను కూడా నా బండికి చేద్దామనుకుంటున్నా.

కమాన్ల_మేస్త్రి_కొడుకు:
భయం ఉండటం మంచిదే శ్రీనూ. ఆ స్ప్రింగు నొక్కుకుని ఉన్నప్పుడు దానిలో మనిషిని చంపేంత బలం ఉంటుంది. నేను చేసే పద్ధతి చెప్తాను. బండిని ఛాసిస్ కింద జాకీ స్టాండ్ల మీద నిలబెట్టాలి, జాకీ మీద ఎప్పుడూ కాదు. చక్రం, క్యాలిపర్ (బ్రేక్ డిస్క్ ని పట్టే భాగం) తీసి క్యాలిపర్‌ని తీగతో ఛాసిస్‌కి వేలాడదీయాలి, బ్రేక్ గొట్టం మీద బరువు పడకూడదు. షాక్ అబ్జార్బర్ తీసేయాలి. ఒక మందపాటి గొలుసు స్ప్రింగు లోపలి నుంచి దూర్చి ఛాసిస్‌కి చుట్టి బోల్టు వేయాలి, వదులుగా ఉన్నా పర్లేదు. తర్వాత ఫ్లోర్ జాకీని కింది ఆర్మ్ కింద, బాల్ జాయింట్‌కి దగ్గరగా పెట్టి కొంచెం లేపాలి.

ఇప్పుడు బాల్ జాయింట్ నట్టు. స్ప్లిట్ పిన్ను తీసి నట్టు వదులు చేయాలి కానీ పూర్తిగా తీయకూడదు, నాలుగైదు మరలు పట్టి ఉంచాలి. ఫోర్క్ పనిముట్టు దూర్చి కొడితే రబ్బరు బూటు చిరిగిపోతుంది. దాని బదులు స్పిండిల్ మీద జాయింట్ కూర్చున్న ఉబ్బు ఉంటుంది చూడు, దాని పక్క మీద పెద్ద సుత్తితో గట్టిగా రెండు మూడు దెబ్బలు. టేపర్ (జాయింట్ సన్నబడే కాడ) పట్టు వదిలినప్పుడు టక్కుమని ఒక శబ్దం వస్తుంది, స్పిండిల్ జారి ఆ నట్టు మీద ఆగుతుంది. అందుకే నట్టు ఉంచమన్నది. ఆ తర్వాత జాకీ బరువు తీసుకునేదాకా లేపి, నట్టు తీసి, జాకీని వేలు వేలుగా దించుతూ పోవాలి. స్ప్రింగు వదులై చేత్తో కదిలినప్పుడే బయటికి తీయాలి. ఈ పని జరుగుతున్నంతసేపూ మన తల, ఛాతీ స్ప్రింగుకి ఎదురుగా ఉండకూడదు.

పాత_ఇనుము:
పై పోస్టుని పిన్ చేయండి అడ్మిన్ గారూ.

ఫ్రిస్కో_రవి:
ముందు భాగం అర్థమైంది. వెనక సంగతి చెప్పండి. లోయరింగ్ బ్లాకులు (యాక్సిల్ కీ కమాన్ కీ మధ్య పెట్టే దిమ్మలు) చాలా చవకగా దొరుకుతున్నాయి, అవి వేస్తే సరిపోదా?

సీ10_సుధ:
మీ బండికి పనికిరావు. స్క్వేర్ బాడీలో ఫ్యాక్టరీ నుంచి కమాన్ కట్ట పైన, యాక్సిల్ (వెనక చక్రాల ఇరుసు) కింద. మధ్యలో బ్లాకు పెడితే బండి లేస్తుంది, దిగదు. యాక్సిల్ కమాన్ మీద కూర్చునే బళ్లకి మాత్రమే బ్లాకులు దించుతాయి. మీకు రెండు దారులు. ఒకటి, కమాన్ కొసల్ని ఛాసిస్ కి పట్టి ఉంచే హ్యాంగర్లు (బ్రాకెట్లు), షాకిళ్లు (కదిలే పట్టీలు) మార్చడం, దానితో దాదాపు 4 అంగుళాలు. ఫ్యాక్టరీ హ్యాంగర్ల రివిట్లు గ్రైండ్ చేసి సుత్తితో కొట్టి తీయడానికి ఒక శనివారం మొత్తం పడుతుంది. రెండోది ఫ్లిప్ కిట్, యాక్సిల్‌ని కమాన్ కింది నుంచి పైకి మార్చడం. 6 అంగుళాలు ఒకేసారి వస్తాయి, బోల్టులతోనే బిగుస్తుంది, వెల్డింగ్ అక్కర్లేదు. మీరు అడిగిన కొలతకి ఫ్లిప్ కిట్టే.

కానీ ఫ్లిప్‌తో పాటు సీ నాచ్ తప్పనిసరి. యాక్సిల్ 6 అంగుళాలు పైకి వచ్చాక దానికీ ఛాసిస్‌కీ మధ్య మిగిలే ఖాళీ చాలా తక్కువ. ఖాళీ బండిలో బాగానే ఉన్నట్టు ఉంటుంది, మీ సౌండ్ బాక్సులు ఎక్కించగానే గతుకు గతుకుకీ యాక్సిల్ వచ్చి ఛాసిస్‌ని కొడుతుంది. నాచ్ అంటే యాక్సిల్ పైన ఛాసిస్‌ని కిందినుంచి అర్ధచంద్రంలా కోసి, పోయిన బలం తిరిగి రావడానికి ఒక మందపాటి ఉక్కు ప్లేటు బోల్టులతో బిగించడం. కొందరు నాచ్ తర్వాత చూద్దాంలే అని బండి తిప్పేస్తుంటారు, దయచేసి అలా చేయకండి.

కమాన్ల_మేస్త్రి_కొడుకు:
సుధ గారు చెప్పిందానికి రెండు మాటలు కలుపుతాను. ఫ్లిప్ చేసినప్పుడు కమాన్ కట్ట మధ్యలో ఉండే సెంటర్ బోల్టు తల ఇప్పటిదాకా కిందికి ఉంటుంది, యాక్సిల్ గుంటలో అది కూర్చుంటుంది. యాక్సిల్ పైకి వచ్చాక ఆ తల కూడా పైకి ఉండాలి, లేకపోతే యాక్సిల్ ముందుకో వెనక్కో జారుతుంది. బోల్టు తిప్పే ముందు కట్టకి రెండు వైపులా సీ క్లాంపులు గట్టిగా వేయండి. క్లాంపు లేకుండా నట్టు తీస్తే పట్టీలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. ఆటోనగర్‌లో దీనివల్ల వేళ్లు పోయినవాళ్లని చూశాను.

రెండోది, యాక్సిల్ ని కమాన్ కి పట్టి ఉంచే యూ బోల్టులు కొత్తవే వాడాలి. ఒకసారి బిగించిన యూ బోల్టు సాగి ఉంటుంది, మళ్లీ అదే పట్టు ఇవ్వదు. కిట్‌లో కొత్తవి వస్తాయి, పాతవి బాగానే కనపడ్డా పారెయ్యండి. కొంత దూరం నడిపాక మళ్లీ ఒకసారి బిగింపు చూడాలి.

గ్యారేజ్_శ్రీను:
నాచ్ కోసేటప్పుడు పెట్రోల్ ట్యాంకు దగ్గర కదా, నిప్పురవ్వలు?

పాత_ఇనుము:
మంచి ప్రశ్న. ఈ బళ్లలో ట్యాంకులు ఛాసిస్ పట్టీల బయట, బెడ్ కింద పక్కల్లో ఉంటాయి, కొన్నిటికి రెండు వైపులా. పైగా బ్రేక్ పైపు, పెట్రోల్ పైపు ఛాసిస్ వెంబడే వెళ్తాయి. వీలైతే బెడ్ తీసెయ్యండి, బోల్టులు విప్పి నలుగురు పడితే వచ్చేస్తుంది. పైపులు క్లిప్పుల నుంచి విప్పి పక్కకి కట్టాలి, ట్యాంకు తీసి గ్యారేజీ బయట పెట్టాలి. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ లేకుండా గ్రైండర్ ఆన్ చేయొద్దు. బెడ్ తీస్తే ఇంకో లాభం, నిలబడి హాయిగా పని చేయొచ్చు, రివిట్లు, షాక్ బ్రాకెట్లు అన్నీ చేతికి అందుతాయి.

బే_ఏరియా_కిరణ్:
నాది 1970 సీ10, శాన్ హోసేలో ఉంటాను. 67 నుంచి 72 మోడల్ వాళ్లు ఎవరైనా చదువుతుంటే మనకి వెనక కథ వేరు. షెవర్లే హాఫ్ టన్నులకి ఎక్కువగా వెనక కూడా కాయిల్ (చుట్ల) స్ప్రింగులే, ట్రెయిలింగ్ ఆర్మ్‌ల (యాక్సిల్ నుంచి ముందుకి ఛాసిస్ దాకా వెళ్లే చేతుల) మీద. ఫ్లిప్ అనే మాటే లేదు, పొట్టి స్ప్రింగు వేస్తే దిగుతుంది. కానీ యాక్సిల్‌ని అడ్డంగా పట్టి ఉంచే పాన్‌హార్డ్ రాడ్ ఒకటి ఉంటుంది, ఒక కొస ఛాసిస్‌కి, ఒక కొస యాక్సిల్‌కి. బండి దిగేకొద్దీ ఆ రాడ్ వాలు మారి యాక్సిల్ మొత్తాన్ని ఒక పక్కకి నెడుతుంది. వెనక నుంచి చూస్తే ఒక టైరు ఫెండర్‌కి తగులుతూ, ఇంకోటి లోపలికి పోయి కనపడుతుంది. పొడవు మార్చుకునే రాడ్ ఒకటి కొంటే తీరిపోతుంది. 70 వరకు ముందు డ్రమ్ బ్రేకులే, డిస్కులు 71 నుంచి, కాబట్టి డ్రాప్ స్పిండిల్ అంటే మనకి డిస్క్ మార్పిడి ఖర్చు కూడా కలిపి చూసుకోవాలి.

చట్టం గురించి ఎవరూ అనలేదు. కాలిఫోర్నియాలో 1958 నుంచి ఒక నిబంధన ఉండేది, మార్చిన బండిలో ఏ భాగమూ చక్రం రిమ్ కింది అంచు కంటే కిందికి రాకూడదని. 1959లో శాన్ బెర్నార్డినోకి చెందిన రాన్ అగిర్రే అనే ఆయన తన కార్వెట్ కారుకి హైడ్రాలిక్స్ (నూనె ఒత్తిడితో బండిని ఎత్తి దించే ఏర్పాటు) పెట్టింది దీన్ని దాటడానికే, పోలీసు కనపడితే పైకి, లేకపోతే కిందికి. లోరైడర్ల (బళ్లని బాగా కిందికి దించుకుని నడిపేవాళ్ల) చరిత్ర మొత్తం అక్కడి నుంచి మలుపు తిరిగింది. ఏబీ 436 చట్టంతో 2024 జనవరి 1 నుంచి ఆ నిబంధనా పోయింది, ఊళ్లలో క్రూజింగ్ (బళ్లతో వీధుల్లో నెమ్మదిగా తిరగడం) మీద నిషేధాలూ పోయాయి. మెక్సికన్ అమెరికన్ కుటుంబాలు ఎన్నో ఏళ్లు పోరాడి తెచ్చుకున్న మార్పు ఇది. మనం ఈ బళ్లు ఇష్టపడుతున్నామంటే వాళ్లకి రుణపడి ఉన్నట్టే.

ఫ్రిస్కో_రవి:
టెక్సాస్‌లో మనకి ఇబ్బంది లేదు కిరణ్ గారూ. 2025 జనవరి నుంచి సొంత వాహనాలకి సేఫ్టీ ఇన్‌స్పెక్షనే తీసేశారు, పొగ పరీక్ష ఉన్న కౌంటీల్లో కూడా 24 ఏళ్లు దాటిన బళ్లకి అది అక్కర్లేదు. అయితే ఇన్‌స్పెక్షన్ లేదంటే బాధ్యత మొత్తం మనదే అన్నమాట.

గుంటూరు_పికప్:
అన్నలూ, నేను గుంటూరు నుంచి. మా టాటా 207కి ఇలా చేయించొచ్చా? ఆటోనగర్‌లో కమాన్ పట్టీలు తీసేసి దించుతామంటున్నారు.

కమాన్ల_మేస్త్రి_కొడుకు:
వద్దు తమ్ముడూ. మన దగ్గర మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన మూల స్వరూపానికి తేడాగా మార్పులు చేయకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. చట్టం పక్కన పెట్టినా, నీ బండి రోజూ లోడు మోసే బండి. పట్టీ తీసేస్తే ఆ బరువు మిగిలిన పట్టీల మీద పడి అవి విరుగుతాయి. మిర్చి టిక్కీలు వేసుకుని యార్డుకి వెళ్లే బండికి ఈ పని చేయకు.

ఫ్రిస్కో_రవి:
అప్‌డేట్. పని అయింది. ముందు డ్రాప్ స్పిండిల్స్, పొట్టి స్ప్రింగులు, వెనక ఫ్లిప్ కిట్, బోల్ట్ ఇన్ నాచ్, నాలుగు పొట్టి షాకులు, బాల్ జాయింట్లు. వెయ్యి డాలర్లు కొంచెం దాటింది, ఆ దాటింది బాల్ జాయింట్ల వల్లే, దానికి బాధ లేదు. మేస్త్రి గారు చెప్పినట్టే గొలుసు వేసి చేశాను, టేపర్ వదిలిన ఆ టక్ శబ్దం విన్నాకే ఊపిరి పీల్చుకున్నా. బెడ్ ఎత్తడానికి పక్కింటి వాళ్లు, మా బావగారు వచ్చారు. బండి నిలబడిన తీరు చూస్తే మనసు నిండిపోయింది, సైడ్ నుంచి ఆ పొడవాటి గీత నేలకి సమంగా సాగిపోతోంది.

ఒక్క సమస్య. గంటకి 50 మైళ్లు దాటాక సీటు కింద నుంచి సన్నగా వణుకు. 65 దగ్గర ఎక్కువ. టైర్లు బ్యాలెన్స్ చేయించాను, తగ్గలేదు.

సీ10_సుధ:
అది గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్ కి తిరుగుడు పంపే షాఫ్ట్ కోణం. లాంగ్ బెడ్‌లో షాఫ్ట్ రెండు ముక్కలు, మధ్యలో సెంటర్ బేరింగ్ ఉంటుంది. యాక్సిల్ 6 అంగుళాలు పైకి వచ్చింది కాబట్టి వెనక ముక్క వాలు మారిపోయింది, క్రాసులు (షాఫ్ట్ కొసల కీళ్లు) ఒకదాని ఊపుని ఇంకోటి సరిచేయలేకపోతున్నాయి. అయస్కాంతంతో అతుక్కునే యాంగిల్ మీటరు పది పదిహేను డాలర్లకి దొరుకుతుంది. బండి చక్రాల మీద నిలబడి ఉండగానే గేర్‌బాక్సు వెనక మూతి కోణం, షాఫ్ట్ రెండు ముక్కల కోణాలు, పినియన్ (షాఫ్ట్ వచ్చి కలిసే యాక్సిల్ మూతి) కోణం నాలుగూ రాసుకోండి. వెనక ముక్కకి రెండు కొసల్లో ఉన్న క్రాసుల దగ్గర కోణాలు ఒక డిగ్రీ తేడాలోపు సమానంగా రావాలి. పినియన్ మూతి తేడాగా ఉంటే యాక్సిల్ సీటుకీ కమాన్‌కీ మధ్య సీసం కాకుండా ఉక్కు లేదా గట్టి అల్యూమినియం వెడ్జి (ఏటవాలు ముక్క) పెట్టండి. సెంటర్ బేరింగ్ ఎత్తుని వాషర్లతో సర్దొచ్చు.

ఫ్రిస్కో_రవి:
కొలిచాను. పినియన్ మూతి 3 డిగ్రీలు ఎక్కువ పైకి చూస్తోంది. వెడ్జిలు ఆర్డర్ పెట్టాను.

ఫ్రిస్కో_రవి:
వెడ్జిలు వేశాను, 70లో కూడా వణుకు లేదు. సుధ గారూ, మీకు దండం. అలైన్‌మెంట్‌కి రేపు తీసుకెళ్తున్నా, ఏమైనా చెప్పాలా వాళ్లకి?

సీ10_సుధ:
పై ఆర్మ్ షాఫ్ట్ వెనక ఉండే షిమ్ముల (పలచటి రేకుల) గురించి తెలిసిన పాత మనిషి ఉన్న షాపుకే తీసుకెళ్లండి, చాలామంది కొత్తవాళ్లు టో (చక్రాలు ముందువైపు లోపలికో బయటికో చూసే కోణం) ఒక్కటి సర్ది పంపేస్తారు. క్యాంబర్ (చక్రం పై భాగం లోపలికో బయటికో వాలడం), క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే గీత ముందుకో వెనక్కో వాలడం) రెండూ ఆ షిమ్ములతోనే. వెళ్లే ముందు మీరు కూర్చున్నంత బరువు డ్రైవర్ సీట్లో పెట్టమనండి, ట్యాంకు సగం నింపి ఉంచండి. తిరిగొచ్చాక హెడ్‌లైట్లు సర్దుకోండి, ముందూ వెనకా వేర్వేరుగా దిగాయి కాబట్టి వెలుగు ఎదుటివాళ్ల కళ్లలోకి కొడుతుంది. వెనక బ్రేక్ గొట్టం ఇప్పుడు వదులుగా వేలాడుతుంటుంది, నాచ్ అంచుకి తగలకుండా క్లిప్పు వేయండి.

గ్యారేజ్_శ్రీను:
రవి అన్నా, కాన్రోలో లోన్ స్టార్ త్రోడౌన్ బళ్ల ప్రదర్శనకి తీసుకొస్తున్నావా ఈసారి? వస్తే నా బండి స్పిండిల్స్ పని అక్కడికి రాకముందే నీ దగ్గర పెట్టుకుందాం, గొలుసు నేను తెస్తా.

ఫ్రిస్కో_రవి:
తప్పకుండా రా శ్రీనూ. రోటర్ మందం కొలిచి నాకు మెసేజ్ పెట్టు, ఆ తర్వాతే ఆర్డర్ చెయ్యి.